ఏడు తలుపుల ఆనకట్ట

మూడో వరసలో కూర్చునే విద్యార్థి చచ్చిపోయాడు కాబట్టి ఆ కుర్చీ ఒరిన్‌బెక్‌కి దొరికింది.

చచ్చిపోయినవాడి పేరు జాన్‌సెరిక్. పోలీసు కాగితాల ప్రకారం ట్రాలీబస్ కింద పడిన ప్రయాణికుడు. అసలు సంగతి తెలిసిన నలుగురికి మాత్రం ఏజెంట్ నంబర్ పదకొండు. అల్మాటీలో ట్రాలీబస్ ఎంత నింపాదిగా నడుస్తుందో అందరికీ తెలుసు. దాని కింద పడాలంటే వెనక నుంచి ఎవరో గట్టిగా సాయం చెయ్యాలి.

"రేపట్నుంచి నువ్వు స్టూడెంట్‌వి" అన్నాడు కర్నల్ తావ్‌బాయెవ్. పచ్చ బజారు వెనక టీ దుకాణంలో, గోడవైపు బల్ల దగ్గర కూర్చున్నారు ఇద్దరూ.

"నాకు నలభై ఏడేళ్ళు సార్."

"అక్కడంతా ముదురు బ్యాచే. ఫ్యాక్టరీలు మూతబడినవాళ్ళు, పిల్లల్ని పెంచేసి ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయటం ఓనమాల నుంచీ నేర్పుతారు. నడిపేవాడు రోడెన్. ఏ దేశమంటావా, పాస్‌పోర్టులు నాలుగున్నాయి. చేతికి ఏది తగిలితే ఆ దేశం."

"టార్గెట్?"

కర్నల్ కాసేపు టీ ఊదుకున్నాడు. "జెతీ-ఎసిక్."

కొండమీద కరిగిన మంచునీళ్ళని ఆపే మట్టి ఆనకట్ట అది. జెతీ-ఎసిక్ అంటే ఏడు తలుపులని అర్థం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఊళ్ళో అందరికీ దాని తలుపులు ఏడని తెలుసు. ఆ తలుపుల్ని ఇప్పుడు కంప్యూటర్ నడుపుతోంది. జులై ఎండలో ఒక మధ్యాహ్నం అవి తెరుచుకోకపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట గంటసేపు కూడా ఆగదు. బండరాళ్ళూ బురదా కలిసి లోయ చివరనున్న సైన్యం సిగ్నల్ స్టేషన్‌ని ఊడ్చిపారేస్తాయి. రోడెన్‌కి కావలసింది ఆ స్టేషన్.

ఒరిన్‌బెక్‌కి స్టేషన్ గుర్తు రాలేదు. దానికీ ఆనకట్టకీ మధ్య నీలం రేకుల కప్పులున్న పిల్లల వేసవి క్యాంపు గుర్తొచ్చింది. వారం కిందట కూతుర్ని తనే స్వయంగా దింపి వచ్చాడు.

"సార్, మా అక్బోతా అక్కడే ఉంది."

"తెలుసు."

"ఇప్పుడే వెళ్ళి తెచ్చేసుకుంటాను."

"కూర్చో. జాన్‌సెరిక్ అదే చేశాడు. వాళ్ళక్క కొడుకుని క్యాంపులోంచి వెనక్కి పిలిపించాడు. మూడోరోజుకల్లా ట్రాలీబస్. క్యాంపు గేటు మీద వాళ్ళ కన్నుంది. నీ పిల్లని తీశావో, రోజు మార్చేస్తారు. మనకి ఆ రోజు ఎప్పుడో తెలీదు. మిగతా మూడు వందల మంది పిల్లలు?"

ఒరిన్‌బెక్ మళ్ళీ కూర్చున్నాడు. "నాకు భయంగా ఉంది సార్."

"భయపడు. ఆ క్లాసులో అదే మంచి మారువేషం. అందరూ ఆ టీచరంటే హడలిపోతున్నారట. పేరు ఇంకార్. మనకీ పని చేస్తుంది, రోడెన్‌కీ పని చేస్తుంది. అసలు ఎవరి మనిషో నాకు తెలీదు."

బల్ల మీదకి ఒక థర్మాస్ ఫ్లాస్కు వచ్చింది. పైన టీ, అడుగున ట్రాన్స్‌మిటర్. మూత ఎడమవైపు మూడుసార్లు తిప్పితే కర్నల్ మనుషులు కదులుతారు. ఇంకార్‌తో కోడ్ మాట, 'కుర్త్ ఉప్పగా ఉందా?' జవాబు, 'నిన్నటికన్నా నయం.' ఎండబెట్టిన పెరుగుండల ఉప్పు గురించి బజార్లో ఎవరు మాట్లాడుకున్నా ఎవరూ పట్టించుకోరు.

అప్పటిదాకా సగం సగమే పోస్తున్న కర్నల్ ఈసారి కప్పు నిండా టీ పోశాడు. ఇక లేవమన్నట్టే. ఒరిన్‌బెక్ లేచాడు.

క్లాసు ఒక పాత మేడలో రెండో అంతస్తు. ఇంకార్ ఎర్ర సిల్కు స్కార్ఫూ, ఎత్తుమడమల బూట్లూ వేసుకుని మెట్లెక్కుతుంటే ఆ టకటకకే పన్నెండుమంది పెద్దమనుషులు కీబోర్డుల మీదికి వంగిపోయేవాళ్ళు. అందగత్తె. అందం గురించి ఆలోచించే ధైర్యం మాత్రం అక్కడ ఎవరికీ లేదు.

మొదటి శుక్రవారం లెక్క ఇది. ఇంట్లో షెల్పెక్ రొట్టెలు వేయించారు. పళ్ళెంలో ఎన్ని రొట్టెలున్నాయో జాబితాలో ఉంది. ఒక్కో రొట్టె పేరునా పోయినవాళ్ళలో ఒకర్ని తలుచుకోవాలి. ప్రోగ్రాము రాయండి.

ఒరిన్‌బెక్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇదొక్కటీ వచ్చు. 'ఏడుసార్లు తిరుగు' అని రాశాడు. రన్ చేస్తే ఏడు పేర్లూ టపటపా పడ్డాయి.

ఇంకార్ వెనక నిలబడి జాబితాలో ఇంకొక రొట్టె చేర్చింది. మళ్ళీ ఏడు పేర్లే పడ్డాయి.

"ఎనిమిదో రొట్టె మీద అలిగావా?"

"ఎనిమిది ఎవరు వేయిస్తారు అపాయ్?" పక్క కుర్చీలోంచి కుల్యాష్ అందుకుంది. అక్కడ టీచరమ్మని అపాయ్ అనే పిలుస్తారు. బేకరీ మూతబడ్డాక ఈ చదువులో పడిన మనిషి. ఆవిడా ఏడనే రాసింది. నిజానికి క్లాసులో పన్నెండుమందీ ఏడనే రాశారు. "శుక్రవారం షెల్పెక్ అంటే ఏడే. మా అమ్మ ఏడు, మా అమ్మమ్మ ఏడు. ఎనిమిది వేస్తే మా అత్తగారు గరిటె తిరగేస్తుంది."

"నీ మూకుట్లో ఏడు తల్లీ. పక్కింటావిడకి ఆరో రొట్టెకే పిండి అయిపోయింది. ఎవరింట్లోనో పెద్దకర్మ, నలభై వేయించారు. ఇంటింటికీ వెళ్ళి ప్రోగ్రాము తిరగరాస్తావా?" ఇంకార్ గొంతు పెంచలేదు. పెంచితేనే నయంగా ఉండేది. "మీకు తెలుసనుకున్న అంకెని మీ దగ్గరే ఉంచుకోండి. ఎన్నున్నాయో జాబితాని అడగండి. లెన్, అంటే పొడుగెంత అని అడిగితే చెప్తుంది. దానికి మీ అత్తగారంటే భయం లేదు."

అందరూ నవ్వారు. వెనక బెంచీలోంచి ఇంకో నవ్వు వినిపించింది. రోడెన్ ఎప్పుడొచ్చాడో ఒరిన్‌బెక్ చూడలేదు. తెల్లటి గడ్డం, కుల్యాష్ తెచ్చిన షెల్పెక్ ముక్క వేళ్ళ మధ్య. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలోనే ఉన్నాడు. భాష కూడా ఇక్కడివాళ్ళలాగే మాట్లాడతాడు, అదొక గర్వం.

"మరీ కఠినంగా ఉన్నావు అపాయ్. ఇక్కడ ఏడంటే ఏడే కదమ్మా. ఏడు రొట్టెలు, ఏడు తరాలు. ఆఖరికి ఆనకట్టక్కూడా ఏడు తలుపులే."

కుల్యాష్ చప్పట్లు కొట్టింది. ఒరిన్‌బెక్ గబుక్కున స్క్రీన్ వైపు తిరిగిపోయాడు. ఆ మాట తన మొహంలోకి చూస్తూ అన్నాడా, కిటికీలోకి చూస్తూ అన్నాడా?

మూడు వారాలు అలాగే గడిచాయి. రోజూ ట్రాలీబస్సు ఆగే చోట గోడకి వీపు ఆనించి నిలబడేవాడు. రోజూ క్లాసులో తిట్లు తినేవాడు. అయిదుగురు పిల్లల మార్కుల సగటు కట్టమంటే మొత్తాన్ని అయిదుతో భాగించాడు. "ఆరో పిల్ల చేరితే ఆ పిల్లని ఏం చేస్తావు?" అంది ఇంకార్. ఆ ప్రశ్న విని ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

నాలుగో గురువారం క్లాసయ్యాక మెట్ల మీద ఆవిడే ఆగింది. "కుర్త్ ఉప్పగా ఉందా?"

"నిన్నటికన్నా నయం." అన్నాడు ఒరిన్‌బెక్.

"రేపు మూడింటికి. కంట్రోల్ రూములో. దీపాలు మార్చే పనివాడిలా రా."

"ప్రోగ్రాము రాసేదెవరు?"

"నేనే. రోడెన్ వరస వరసా చదివి చూసుకుంటాడు. చదవటం వచ్చు వాడికి."

"అపాయ్, దేవుడి మీద ఒట్టేసి చెప్పు. నువ్వు ఎవరి మనిషివి? కింద నా కూతురుంది."

ఇంకార్ అతన్ని తేరిపార చూసింది. ఆ కళ్ళలో జాలి ఉందో, ఎగతాళి ఉందో తేల్చుకోలేకపోయాడు. "రాయటం ఎలాగూ నీవల్ల కాదు. చదవటమైనా నేర్చుకో" అని టకటకా దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎండ మండిపోతోంది. కొండమీద మంచు కరిగి సరస్సులోకి జారుతున్న చప్పుడు ఆనకట్ట దాకా వినిపిస్తోంది. ఒరిన్‌బెక్ ఖాకీ టోపీ, భుజాన నిచ్చెన, చేతిలో ఫ్లాస్కుతో కంట్రోల్ రూములోకి వచ్చాడు. కట్ట గోడలోనే తొలిచిన గది. ఆపరేటర్ సేయిత్‌కాన్ అనే ముసలాయన.

"ఎవరు పంపారు నిన్ను? నా దీపాలు బాగానే ఉన్నాయి."

"మూడోది మిణుకుమంటోందట, బాబాయ్."

గోడమీద వరసగా ఏడు ఆకుపచ్చ దీపాలు. కిటికీలోంచి కిందకి చూస్తే నీలం కప్పులు, వాటి మధ్య ఎగురుతున్న ఎర్రబంతి. ఒరిన్‌బెక్ అటు చూడకూడదనుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

మూడు కొట్టేసరికి రోడెన్ వచ్చాడు, పక్కన ఇంకార్. విరాళాలిచ్చే పెద్దమనిషి ఆనకట్ట చూడ్డానికి వచ్చాడని సేయిత్‌కాన్ కుర్చీ తుడిచాడు. కుర్చీలో ఇంకార్ కూర్చుంది. సేయిత్‌కాన్ వీపుకి పిస్తోలు తగిలింది. నిచ్చెన మీదున్న ఒరిన్‌బెక్ చెయ్యి ఫ్లాస్కు మూత మీదికి పోయింది, కానీ తిప్పితే ముసలాయన ప్రాణం పోతుంది.

"అరవకు తాతా. అపాయ్, కానీ."

ఆవిడ ప్రోగ్రాము ఎక్కించింది. రోడెన్ కళ్ళద్దాలు పెట్టుకుని స్క్రీన్ మీద ఒక్కో వరసా చదివాడు. ఒక చోట వేలు ఆగింది. ఒరిన్‌బెక్ గుండె కూడా అక్కడే ఆగింది. రోడెన్ గోడమీది దీపాలు లెక్కపెట్టాడు. తల ఊపాడు. ఇంకార్ మీట నొక్కింది.

ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఏడూ.

"తలుపులు బిగిశాయి. అంతా సవ్యంగా ఉందని ఈ కంప్యూటరే నిమిషానికోసారి హెడ్డాఫీసుకి చెప్తూ ఉంటుంది" అన్నాడు రోడెన్. అప్పుడు నిచ్చెన వైపు తిరిగాడు. "దిగు ఒరిన్‌బెక్. ఆ ఫ్లాస్కు ఇటివ్వు."

ఒరిన్‌బెక్ దిగి ఫ్లాస్కు ఇచ్చేశాడు. రోడెన్ మూత తీసి కాస్త టీ తాగి, మిగతాది ఒలకబోసి, ఫ్లాస్కుని గోడకేసి కొట్టాడు. ట్రాన్స్‌మిటర్ తుక్కుతుక్కయింది.

"మొదటిరోజే తెలుసు నువ్వెవరివో. జాన్‌సెరిక్‌లా నిన్నూ పంపించేవాణ్ణే. కానీ నీ హోంవర్కులు చూశాను. నీవల్ల మాకు ప్రమాదం లేదనిపించింది."

ఇంకార్ పకపకా నవ్వింది. ఆవిడ రోడెన్ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది, వెనక్కి కూడా చూడలేదు. బయటినుంచి ఇనప తలుపుకి తాళం పడింది. కారు స్టార్టయిన చప్పుడు.

"ఎంత టైముంది బాబాయ్?"

సేయిత్‌కాన్ నీటిమట్టం ముల్లు చూశాడు. "ఈ ఎండకి... పావుగంట. చేత్తో తిప్పే చక్రాలు బయటున్నాయి. మా మనవరాలు కూడా ఆ క్యాంపులోనే వంట చేస్తోందిరా."

తలుపు గుద్దారు. నిచ్చెనతో పొడిచారు. టెలిఫోను తీగ తెగి ఉంది. కిటికీకి బిగించిన ఇనప చువ్వల్లోంచి అరిస్తే ఆ అరుపు సరస్సు హోరులో కలిసిపోయింది. కింద ఎర్రబంతి ఇంకా ఎగురుతోంది. ఒరిన్‌బెక్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. ఒకటో తలుపు తెరవమన్నాడు. లాక్ చేసి ఉంది అంది. రెండు, మూడు, నాలుగు... ఏడోది కూడా అదే మాట. ప్రోగ్రాము ఆపమంటే పాస్‌వర్డ్ అడిగింది.

పన్నెండు నిమిషాలు గడిచిపోయాయి.

చదవటమైనా నేర్చుకో అంది కదా, అని చదవటం మొదలుపెట్టాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. తలుపుల జాబితా తెచ్చుకో. మొదటిదాని నుంచి మొదలుపెట్టు. దాన్ని బిగించు. తరవాతిదానికి వెళ్ళు. ఏడుసార్లు తిరుగు.

మళ్ళీ చదివాడు. ఏడుసార్లు తిరుగు.

ఏడు! అంకె వేసి రాసింది. మూడు వారాలు ఆ అంకె కోసమే తనని నలుగురిలో కడిగిపారేసిన మనిషి. రొట్టెల్లో రాస్తే ఒప్పుకోలేదు, మార్కుల్లో రాస్తే ఒప్పుకోలేదు. ఆవిడ చెయ్యి విరిచినా ఇలా రాయదు. రోడెన్ వేలు ఆగింది ఇక్కడే. దీపాలు లెక్కపెట్టుకుని సరిపోయిందనుకున్నాడు. ఈ దేశంలో ఏడంటే ఏడే కదా.

"బాబాయ్, తలుపులెన్ని?"

"ఏమిట్రా ఆ ప్రశ్న? దీని పేరే ఏడు తలుపులు. ఏడు దీపాలు కనబడటం లేదా?"

ఒరిన్‌బెక్ ఆయన మాట వినలేదు. దీపాల్నీ చూడలేదు. జాబితానే అడిగాడు. లెన్ అని కొట్టడానికి మూడుసార్లు వేళ్ళు తప్పాయి.

స్క్రీన్ మీద ఒక్క అంకె పడింది. ఎనిమిది.

"ఎనిమిదోది ఏది బాబాయ్? ఎక్కడుంది?"

సేయిత్‌కాన్ నోరు తెరిచాడు. "అదా... కిందటేడు బురదవరద భయం వచ్చినప్పుడు పక్కన ఇంకోటి పెట్టారు. ఒక్కసారైనా తెరవలేదు. దానికి దీపం బిగిస్తామని వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. మేం దాన్ని తలుపుల్లో లెక్కపెట్టం."

"దాని నీళ్ళెటు పోతాయి? క్యాంపు మీదకా?"

"కాదు కాదు, అటు పక్క ఎండువాగులోకి." ముసలాయన మొహం పాలిపోయింది. "కిందకి దిగే రోడ్డు ఆ వాగులోంచే పోతుంది. ఆ కారు ఇప్పుడు అక్కడికే చేరుతుంటుంది. ఆ పిల్ల కూడా అందులోనే..."

ఎనిమిదో తలుపు తెరవమని కొట్టాక ఒరిన్‌బెక్ వేలు మీట మీద ఆగిపోయింది. ఇది ఆవిడ పన్నిన వల అయితే? ఎవరూ తెరవని తలుపు తెరిస్తే కట్టే చీలిపోతే? వల కాకపోతే ఇంకా ఘోరం. నీళ్ళు ఎటు వస్తాయో తెలిసే ఆ కారెక్కింది. తెలిసే నవ్వింది.

ముల్లు ఎర్రగీత మీదకి వచ్చింది. కట్ట అంచున మొదటి అల తెల్లగా విరిగింది.

"క్షమించు అపాయ్" అని మీట నొక్కాడు.

ఏ దీపమూ వెలగలేదు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తరవాత పాదాల కింద నేల అదిరింది. ఎడమవైపు ఎక్కడో గర్జించుకుంటూ నీళ్ళు బయటపడ్డాయి. ముల్లు ఎర్రగీత మీదే వణుకుతూ నిలబడింది. నిలబడి, నిలబడి, వెంట్రుకవాసి కిందకి జారింది. సేయిత్‌కాన్ అతన్ని కావిలించుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎండిన వాగులో నీళ్ళు చూసి కర్నల్ మనుషులు సిగ్నల్ లేకుండానే పరిగెత్తుకొచ్చారు. నడివాగులో బోర్లాపడిన కారు మీద రోడెన్ కూర్చుని, అచ్చం ఇక్కడివాళ్ళలాగే శాపనార్థాలు పెడుతున్నాడు. వాగు ఒడ్డుకి ముందే కారు దిగుతానని ఇంకార్ గొడవ పెట్టుకుందట, కడుపులో తిప్పుతోందని. దిగిందో లేదో వాడికి తెలీదు, అప్పటికే నీళ్ళొచ్చేశాయి. రాళ్ళ మధ్య ఒక ఎర్రస్కార్ఫు, మడమ విరిగిన ఒక బూటు దొరికాయి. మనిషి దొరకలేదు.

ఒరిన్‌బెక్ క్యాంపుకి నడిచే వెళ్ళాడు. అక్బోతా బంతి చంకలో పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"నాన్నా, ఆ టోపీ ఏంటి? దొంగతనం చేశావా?"

అతను కిందే కూలబడి ఆ పిల్ల పాదాలు రెండూ పట్టుకున్నాడు.

అయిదు వారాల తరవాత కర్నల్ అతని రిపోర్టుని తిప్పి పంపాడు. జెతీ-ఎసిక్‌కి ఆఫీసు ఫారంలో ఏడు తలుపులకే గళ్ళున్నాయట, ఎనిమిదోది ఎక్కడా పట్టదట, సరిచేసి ఇమ్మన్నాడు. ఒరిన్‌బెక్ గళ్ళన్నీ కొట్టేసి పైన ఒకే ముక్క రాశాడు, 'వెళ్ళి లెక్కపెట్టుకోండి.' ఇలాంటి ధైర్యం అతను ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ శుక్రవారమే అతని మెయిల్లో ఒక ఉత్తరం పడింది. పంపినవాళ్ళ పేరు లేదు. లోపల తను ఎప్పుడో ఇచ్చి మర్చిపోయిన షెల్పెక్ లెక్క, చివరిసారి దిద్దుకున్నది. కింద ఎర్రసిరాలాంటి అక్షరాలు.

'ఏడు రొట్టెలకి పనిచేసింది. ఎనిమిదికీ, నలభైకీ పనిచేసింది. పళ్ళెంలో ఒక్కటీ లేకపోతే?'

ఒరిన్‌బెక్ ఆ ఆఖరి వాక్యం మళ్ళీ చదివాడు. ఖాళీ జాబితా ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర ఒకసారి చూడబోయాడు. పక్కగదిలో అక్బోతా బంతిని గోడకేసి కొడుతోంది, వద్దన్నా వినకుండా. ఆ చప్పుడు వింటూ కూర్చుని, జాబితా ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో ఆ ఒక్క వరసా కూడా చేర్చాడు. ఆవిడ బతికి బయటపడిందన్న సంతోషంతో కళ్ళు తుడుచుకుంటూ పంపించాడు.

పది నిమిషాల్లో జవాబొచ్చింది.

'ఇప్పుడు సరిపోయింది. సోమవారం నుంచి రెండో పాఠం. ఆలస్యంగా రాకు.'